కల్చర్‌లో ఏమీ రాలేదు.. మరి నాన్నగారి న్యుమోనియాకు కారణమేంటి?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. షుగర్ ఉంది, సిగరెట్లు మానలేదు. పనిమీద వేరే ఊళ్లో వారం రోజులు లాడ్జిలో ఉండి వచ్చాక జ్వరం, పొడిదగ్గు, విరేచనాలు మొదలయ్యాయి. విజయవాడలో ఐసీయూలో పెట్టినా దక్కలేదు. కఫం కల్చర్‌లో ‘నో గ్రోత్’ అని వచ్చింది. లెజియోనేర్స్ జబ్బేమోనని బంధువొకరు అంటున్నారు. ఇప్పుడు తెలుసుకోవచ్చా? మాకూ అంటుకుంటుందా? - ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందు మీ రెండో ప్రశ్న. ఆ టెన్షన్ పెట్టుకోకండి. రోగికి సేవ చేసినంత మాత్రాన ఇది అంటుకోదు. లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా ఉన్న నీటి తుంపరలు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే వస్తుంది. నాన్నగారితో పాటు ఆ లాడ్జిలో ఎవరైనా ఉండి, రెండు వారాల్లోపు జ్వరం వస్తే మాత్రం డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి.

మీరు రాసిన లక్షణాలు ఈ జబ్బుకు సరిపోతాయి. కానీ వేరే న్యుమోనియాల్లోనూ ఇవే ఉండొచ్చు. లక్షణాలను బట్టి ఇదేనని నేను తేల్చలేను.

కల్చర్ అంటే శాంపిల్‌లోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష. ‘నో గ్రోత్’ అంటే క్రిమి లేదని కాదు. మామూలు కల్చర్ ప్లేటు మీద లెజియోనెల్లా పెరగదు. బొగ్గుపొడి, ఈస్ట్ సారం, ఐరన్, సిస్టీన్ కలిపిన ప్రత్యేకమైన ప్లేటు కావాలి, కొన్ని రోజులు ఆగాలి. అందుకే డాక్టరు అనుమానించి అడిగితే తప్ప ల్యాబ్‌లో ఇది దొరకదు. 1976లో ఫిలడెల్ఫియాలో ఓ హోటల్లో మాజీ సైనికుల సభకు వెళ్లినవాళ్లలో పాతిక మందికి పైగా న్యుమోనియాతో పోతే, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ల్యాబ్‌కే కారణం పట్టుకోవడానికి నెలలు పట్టింది.

ఇప్పుడు మూత్ర పరీక్ష ఉంది. గంటలోనే ఫలితం వస్తుంది. అయితే అది ముఖ్యంగా లెజియోనెల్లాలో సీరోగ్రూప్ 1 అనే రకాన్నే పడుతుంది కాబట్టి నెగెటివ్ వచ్చినా జబ్బు లేదనలేం. దానితోపాటు కఫానికి పీసీఆర్ (క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) కూడా చేయించాలి. ఐసీయూకి చేరిన ప్రతి న్యుమోనియా రోగికీ ఈ రెండూ చేయాలన్నది నా అభిప్రాయం.

మీరిప్పుడు చేయగలిగింది ఒకటుంది. ఆయన కఫం గానీ, ట్యూబు ద్వారా తీసిన శాంపిల్ గానీ ల్యాబ్‌లో మిగిలి ఉందేమో వెంటనే అడగండి. ఉంటే పీసీఆర్ చేయొచ్చు. మామూలుగా కొద్ది రోజులకే పారేస్తారు. లేకపోతే ఇక తేలడం కష్టం. కేసు షీటులో అజిత్రోమైసిన్ లేదా లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చినట్టు ఉందేమో చూడండి. ఈ క్రిమికి ముఖ్యంగా వాడేవి అవే, సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఒక్కటే ఇస్తే పనిచేయదు. చాలా ఐసీయూల్లో రిపోర్టు కోసం ఆగకుండా మొదటి రోజే సెఫ్ట్రియాక్సోన్ లాంటి మందుతో పాటు ఆ రెండింటిలో ఒకటి కలిపి ఇస్తారు.

ఇంట్లో స్ప్లిట్ ఏసీని అనుమానించకండి, అది నీళ్లు చిమ్మదు. నెబ్యులైజర్ వాడేవాళ్లుంటే మాత్రం కుళాయి నీళ్లతో కడిగి అలాగే వాడొద్దు.