జాబితా రాస్తే సరిపోదు: దర్శకుడి ముద్రను పట్టుకోవడం ఎలా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. డిగ్రీ అయ్యాక పుణె ఫిలిం ఇన్‌స్టిట్యూట్‌లో డైరెక్షన్ కోర్సు చేస్తానంటోంది. రోజుకో సినిమా చూసి, 'ఈ దర్శకుడి ముద్రలు ఇవీ' అంటూ నోట్‌బుక్‌లో జాబితాలు రాస్తోంది. ఇది ప్రవేశ పరీక్షకు పనికొచ్చే చదువేనా, కాలక్షేపమా? - ఒక తండ్రి

జవాబు: పనికొచ్చే చదువేనండి. కాకపోతే జాబితా దగ్గరే ఆగితే ఫలితం తక్కువ. ఆ కోర్సు మూడేళ్లది. ఏ డిగ్రీ చేసినవారైనా అర్హులే. రాతపరీక్ష గట్టెక్కినవారిని తర్వాతి దశకు, ఇంటర్వ్యూకు పిలుస్తారు. పరీక్ష పద్ధతి, ఫీజులు మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి నోటిఫికేషన్‌నే నమ్మండి. కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లోనూ ఇలాంటి కోర్సు ఉంది.

ఇక జాబితాతో వచ్చే చిక్కు. 'కె. విశ్వనాథ్ గారి సినిమా పేర్లు చాలావరకు స అక్షరంతో మొదలవుతాయి', 'సస్పెన్స్ సినిమాలకు పేరున్న దర్శకుడు హిచ్‌కాక్ తన సినిమాల్లో ఒక్క క్షణం కనిపిస్తాడు' లాంటివి అందరూ రాస్తారు. నిజాలే. కానీ పేరు మార్చినా, ఆ క్షణం కత్తిరించినా సినిమా చెక్కుచెదరదు. తీసేస్తే సినిమా కూలిపోయేదాన్నే ముద్ర అనాలి. 'వర్టిగో' (1958)లో కథానాయకుడికి ఇంకా తెలియని రహస్యాన్ని హిచ్‌కాక్ మనకు ముందే చెప్పేస్తాడు. ఆ సన్నివేశం లేకపోతే చివరి మలుపు కోసం ఎదురుచూసే మామూలు మిస్టరీ మిగులుతుంది. ఉండబట్టే 'ఇతనికి తెలిస్తే ఏమవుతుందో' అని గుండె దడదడలాడుతుంది. మీ అమ్మాయి రాయాల్సింది ఇలాంటివి.

మనకు బాగా దగ్గరివారు కాబట్టి విశ్వనాథ్ గారితోనే మొదలుపెట్టమనండి. 'సంగీతం, నాట్యం ఆయన ఇతివృత్తాలు' అని రాస్తే అది పోస్టర్ చూసినా తెలిసే సంగతి. నాలుగు సినిమాలు పక్కపక్కన పెట్టి చూడాలి. 'శంకరాభరణం' (1980)లో గురువు చివరి ఊపిరితో విద్యను శిష్యుడి చేతిలో పెడతాడు. 'సాగర సంగమం' (1983)లో నాట్యగురువు తనకు దక్కని వేదికను శిష్యురాలిలో చూసుకుని కన్నుమూస్తాడు. 'స్వర్ణకమలం' (1988)లో కూచిపూడి గురువు కూతురికి ఆ విద్యే వద్దు. 'స్వాతికిరణం' (1992)లో గురువే పిల్లవాడి ప్రతిభను ఓర్వలేడు. నాలుగింటిలోనూ ప్రశ్న ఒకటే: విద్య ఎవరి చేతికి వెళ్తుంది, దానికి ఎవరు మూల్యం చెల్లిస్తారు? జవాబు ప్రతిసారీ మారింది. ఇంటర్వ్యూలో చెప్పదగ్గ మాట అది.

ఆ ముద్ర దర్శకుడిదా, ఛాయాగ్రాహకుడిదా, సంగీత దర్శకుడిదా? చాలామంది తడబడేది ఇక్కడే. 'శంకరాభరణం'కి కెమెరా బాలు మహేంద్ర, సంగీతం కె.వి. మహదేవన్. 'సాగర సంగమం'కి పి.ఎస్. నివాస్, ఇళయరాజా. మనుషులు మారినా నిలిచినదాన్నే దర్శకుడి ఖాతాలో వేయాలి. అలాగే పూర్వాశ్రమం చూడాలి. విశ్వనాథ్ గారు మద్రాసు వాహిని స్టూడియోలో సౌండ్ విభాగంలో మొదలయ్యారు. 'సిరిసిరిమువ్వ'లో మాట రాని నర్తకి, 'సిరివెన్నెల'లో చూపులేని వేణుగాయకుడు, మాటలేని చిత్రకారిణి. శబ్దం తెలిసిన మనిషి ఈ పాత్రలను ఎందుకు ఎంచుకున్నాడో ఆలోచించమనండి. అయితే ఆలోచనకు సాక్ష్యంగా ఒక సన్నివేశం చూపించగలగాలి.

పద్ధతి ఇదీ. ఒక దర్శకుడు, మూడు సినిమాలు, ఆరు వారాలు. మొదటిసారి ఆపకుండా చూడాలి. రెండోసారి మొదటి పది నిమిషాలూ చివరి పది నిమిషాలూ మ్యూట్‌లో చూస్తూ ప్రతి షాట్ నిడివి, క్లోజప్పా లాంగ్ షాటా, కెమెరా కదిలిందా లేదా రాసుకోవాలి. 600 సెకన్లలో 60 షాట్లుంటే సగటు పది సెకన్లు. మూడోసారి తెర చూడకుండా వినాలి. 'శంకరాభరణం'లో గురువు శంకరశాస్త్రి ఇంటి ముందు రాత్రిపూట పాశ్చాత్య సంగీతంతో అల్లరి చేసే కుర్రాళ్ల ఘట్టం ఇలా వినడానికి చాలా మంచిది.

ప్రింటు విషయంలో జాగ్రత్త. స్కోప్ సినిమాను, అంటే వెడల్పాటి తెర కోసం తీసినదాన్ని, టీవీకి సరిపడేలా రెండు పక్కలా కోసిన కాపీలు ఆన్‌లైన్‌లో ఎన్నో ఉన్నాయి. వాటిని చూసి 'పాత్రలను ఫ్రేమ్ అంచుకు నెట్టేస్తాడు' అని రాస్తే తప్పు కత్తెరది. సెకనుకు 24 ఫ్రేములది 25 మీద నడిపిన కాపీలో 120 నిమిషాల సినిమా 115కి కుదించుకుపోతుంది, షాట్ల నిడివి లెక్కా మారుతుంది.

పుస్తకాల మాటనూ సరిచూడాలి. జపాన్ దర్శకుడు ఓజు కెమెరాను చాప మీద కూర్చున్న మనిషి కంటి ఎత్తులో పెడతాడని చాలాచోట్ల కనిపిస్తుంది. 'టోక్యో స్టోరీ' (1953) చూస్తూ ఆపి ఆపి గమనిస్తే, చాలాసార్లు అంతకన్నా కిందే ఉంటుంది. చాపలు లేని ఆఫీసుల్లోనూ అలాగే.

ఆరో వారంలో ఫోన్‌తోనే ఒక అభ్యాసం చేయించండి. ఇంట్లో ఇద్దరు భోజనం చేసే దృశ్యం, 12 షాట్లు, రెండు నిమిషాలు. ఒకసారి ఓజులా కదలని కెమెరాతో, ఇంకోసారి హిచ్‌కాక్‌లా: కూరలో ఏదో కలిసిందని మనకు తెలుసు, తినేవాళ్లకు తెలియదు. మొదటిసారి రెండోదే చెడుతుంది. మనకు తెలియజెప్పే షాట్ ఆలస్యంగా రావడమే కారణం. దాన్ని మూడో షాట్‌లోపు తెచ్చి మళ్లీ తీయమనండి. ఆ రెండు వెర్షన్లూ నోట్‌బుక్‌తో పాటు దాచుకోవాలి.

డిగ్రీ మాత్రం పూర్తి చేయాల్సిందే, అది లేకుంటే కోర్సులో చేరడం కుదరదు. ఈలోగా సెలవుల్లో పుణె ఇన్‌స్టిట్యూట్ నడిపే ఫిలిం అప్రిసియేషన్ (సినిమాను ఎలా చూడాలో నేర్పే) చిన్న కోర్సు ఏదైనా ప్రకటిస్తే పంపండి. మూడేళ్ల ఖర్చు పెట్టే ముందు ఆ వాతావరణం తనకు సరిపడుతుందో లేదో ఆమెకే తెలుస్తుంది.