చిల్లికాణీ నుంచి చిల్లు యెన్ దాకా: నాణేల సేకరణపై మీ ప్రశ్నలు

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. విదేశీ నాణేలు పోగుచేస్తానని పట్టుబట్టాడు. నెలకు 300 రూపాయలకు మించి ఇవ్వలేను. ‘100 దేశాలు, 100 నాణేలు’ అని ప్యాకెట్లు అమ్ముతున్నారు. అదొకటి కొనిస్తే సరిపోతుందా? (తెనాలి నుంచి ఒక తల్లి)

జవాబు: ఆ ప్యాకెట్ కొనకండి. డబ్బు వృథా అని కాదు, సరదా ఒక్క సాయంత్రంలో అయిపోతుందని. అలాంటి వాటిలో ఎక్కువగా ఉండేది ప్రతి దేశపు అతి చిన్న చిల్లర. ఏది ఏ దేశానిదో వాళ్లే చీటీ అంటించి ఇస్తారు. వెతుక్కునే పని లేకపోతే పిల్లవాడు రెండో వారానికి డబ్బా అటక మీద పెట్టేస్తాడు.

ఒక అంశం పట్టుకోమనండి. చవకగా అయ్యేదీ, తెలుగువాళ్లకు పాత చుట్టరికం ఉన్నదీ చిల్లు నాణేల వరస. ‘చేతిలో చిల్లికాణీ లేదు’ అంటాం కదా, ఆ చిల్లు కాణీ నిజంగానే చలామణీ అయింది. రెండో ప్రపంచ యుద్ధంలో రాగి కొరత వచ్చి, 1943 నుంచి 1947 దాకా బ్రిటిష్ ఇండియా నడిమధ్య చిల్లుతో కంచు పైసా (అదే కాణీ) వేసింది. అంతకు ముందరి కాణీ బరువు 4.8 గ్రాములైతే, ఇది సుమారు 2 గ్రాములే. వరసలో మొదటి నాణెంగా అదే పెట్టించండి.

తరవాత జపాన్ 5 యెన్, 50 యెన్. 5 యెన్ ఇత్తడి, 22 మిల్లీమీటర్లు. దాని మీద వరి కంకి, నీటి గీతలు, చిల్లు చుట్టూ పళ్ల చక్రం ఉంటాయి: సేద్యం, చేపల వేట, పరిశ్రమ. ఇప్పుడు వాడుకలో ఉన్న జపాన్ నాణేల్లో మనకు తెలిసిన అంకె ఒక్కటీ లేనిది ఇదొక్కటే. విలువ, సంవత్సరం రెండూ వాళ్ల లిపిలోనే. ఆపైన డెన్మార్క్ 1, 2, 5 క్రోన్లు, పాత 25 ఓర్. నార్వేలో 1997 తరవాతి 1 క్రోన్, 1998 తరవాతి 5 క్రోన్లు. స్పెయిన్ 1990–2001 మధ్య వేసిన 25 పెసెటాలు. ఫిలిప్పీన్స్ పాత 5 సెంటిమోలు. ఫ్రాన్స్‌లో రెండు యుద్ధాల నడుమ నడిచిన 5, 10, 25 సాంతీములు. బ్రిటిష్ తూర్పు ఆఫ్రికా 5, 10 సెంట్లు. ఇవన్నీ కోట్లకొద్దీ ముద్రించినవే. అరిగినా బొమ్మ తెలిసేలా ఉన్నది చాలు, మెరిసేది అక్కర్లేదు. బిళ్లకు 30 రూపాయలు దాటనని హద్దు పెట్టుకోమనండి. నాణేల ప్రదర్శనల్లో ప్రతి వ్యాపారి బల్ల మీదా ఒక కలగూరగంప డబ్బా ఉంటుంది. అద్దాల పెట్టెలోకి కాదు, ముందు ఆ డబ్బాలోకి చెయ్యి పెట్టాలి.

ఈ వరసలో ఒక్క మోసం ఉంది. గొలుసులో గుచ్చుకోవడానికి ఎవరో తరవాత తొలిచిన చిల్లు నాణెం అందం, విలువ రెండూ పోగొడుతుంది. టంకశాల చిల్లుకు సాధారణంగా చుట్టూ కాస్త ఎత్తుగా అంచు ఉంటుంది, బొమ్మ కూడా దాన్ని తప్పించుకునే గీసి ఉంటుంది. తొలిచిన చిల్లు అక్షరాన్నో, రాజుగారి చెవినో మింగేస్తుంది.

మొదటి నెల 300లో నాణెమే కొనకండి. పదింతలు పెద్దగా చూపే చిన్న భూతద్దం, ఒక అయస్కాంతం, నాణేలు పెట్టుకునే అట్ట చట్రాలు యాభై. 0.01 గ్రాము దాకా చూపే డిజిటల్ కాటా ఇంకో నెలలో. జపాన్ 1 యెన్ అల్యూమినియం బిళ్ల సరిగ్గా 1 గ్రాము. ఐదు బిళ్లలు వేసి 5 గ్రాములు చూపిస్తే మీ కాటా బాగున్నట్టే.

ప్రశ్న: మావారు పదమూడేళ్లు గల్ఫ్‌లో చేసి వచ్చారు. హార్లిక్స్ సీసా నిండా దుబాయ్, సౌదీ, కువైట్ చిల్లర ఉంది. మనీ ఛేంజర్ దగ్గరికి తీసుకెళితే నోట్లే తీసుకుంటాం అన్నాడు. వీటిలో పనికొచ్చేవి ఉంటాయా? నాణేల మీది రాత చదవలేకపోతున్నాం. (జగిత్యాల)

జవాబు: ఛేంజర్ చెప్పింది మామూలే, చిల్లర ఎక్కడా దాదాపు మారదు. ఇప్పటికీ నడిచే పెద్ద బిళ్లల్ని మళ్లీ అటు వెళ్లే వాళ్ల చేతికివ్వడమే దారి. ఇచ్చేముందు మాత్రం ఒక ఆదివారం కూర్చుని వేరు చేయండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు డబ్బు పెట్టి కొనుక్కునే సరుకు మీ సీసాలో ఊరికే ఉంది.

ముందు అంకెలు. అరబ్బీ అక్షరాలు కుడి నుంచి ఎడమకు చదివినా, అంకెలు మనలాగే ఎడమ నుంచి కుడికే. నిలువు గీత 1. చిన్న గుండ్రం సున్నా కాదు, 5. సున్నా అంటే ఒక చుక్క. మన 3ను అద్దంలో చూసినట్టుండేది 4. మన 7లా కనిపించేది 6. గరాటులా పైకి తెరుచుకున్నది 7, దాన్నే బోర్లిస్తే 8. 9 మన 9లాగే. 2, 3 రెండూ కొక్కేల్లా ఉంటాయి, మూడుకు పైన ఒక పన్ను ఎక్కువ. ఎక్కువమంది బోల్తా పడేది 5, 0 దగ్గర: 50 ఫిల్స్‌ను (ఫిల్స్ అంటే అక్కడి పైసలు) ‘సున్నా, చుక్క’ అని చదివి పక్కన పడేస్తారు.

ఇక సంవత్సరం. ఎమిరేట్స్, కువైట్ నాణేల మీద హిజ్రీ (ముస్లింల శకం), మామూలు సంవత్సరం రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఖర్జూరపు చెట్టు కింద అడ్డంగా రెండు కత్తులుండే సౌదీ పాత హలాలాల మీద హిజ్రీ ఒక్కటే. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలపండి. 1408 ఉంటే 1365.76, దానికి 622 కలిపితే 1987.76, అంటే 1987. ఉత్తినే 622 కలిపితే 2030 వస్తుంది. చాంద్రమాన సంవత్సరానికి 354 రోజులే కాబట్టి అది మన లెక్కకన్నా వేగంగా నడుస్తుంది, ఆ 0.97 అందుకే. ఈ లెక్క చేతికొస్తే మీ ప్రాంతంలో పాత ఇళ్లలో దొరికే నిజాం నాణేలూ చదవొచ్చు. వాటి మీదా హిజ్రీయే, అంకెల తీరు కొద్దిగా మారుతుంది అంతే.

ఇప్పుడు వేరు చేయడం. ఎమిరేట్స్ 1 దిర్హం మీద మామూలుగా కాఫీ పోసే కూజా ఉంటుంది. కూజా లేకుండా ఇంకేదైనా గుర్తు ఉంటే పక్కన పెట్టండి. బ్యాంకుల, సంస్థల వార్షికోత్సవాలకు, ఇతర సందర్భాలకు ఆ దేశం లెక్కలేనన్ని స్మారక దిర్హాలు విడుదల చేసింది, అవి చిల్లరలోనే తిరుగుతాయి. వాటిని వరసగా పేర్చడమే ఒక పూర్తి సేకరణ. తరవాత కొలత చూడండి: 1973లో మొదలైన పాత దిర్హం 28.5 మిల్లీమీటర్లు, 1995 నుంచి 24కు తగ్గించారు. 50 ఫిల్స్ పాతది గుండ్రం, 1995 తరవాతది ఏడు పలకలు. పెద్దవీ చిన్నవీ చెరో జత ఉంచుకోండి. కువైట్ ఫిల్స్ మీద తెరచాప పడవ ఉంటుంది. విలువకొకటి చొప్పున తీసి, సంవత్సరాలు వేరైతే అన్నీ ఉంచండి. ఒకే రకం పదికి మించి ఉంటే మిగతావి మార్పిడికి. లక్షలు రావు. మీ పిల్లలకు మాత్రం నాన్న పనిచేసిన ఊళ్ల చరిత్ర అట్టల మీద వరసగా ఉంటుంది.

ప్రశ్న: నేపాల్ నాణెం ఒకటి దొరికింది. దాని మీద 2041 అని ఉంది. నకిలీయా? (ఇచ్ఛాపురం)

జవాబు: అసలుదే. అది విక్రమ శకం, 57 తీసేయండి: 1984. థాయ్‌లాండ్ నాణేల మీద బుద్ధ శకం, 543 తీసేయాలి. జపాన్‌లో చక్రవర్తి ఏలుబడి లెక్క: షోవా అయితే 1925 కలపాలి, హెయిసెయి అయితే 1988, రెయివా అయితే 2018. ఇరాన్‌ది సౌర హిజ్రీ, 621 కలిపితే చాలు, గుణకారం అక్కర్లేదు. అయితే షా పాలన చివర్లో 2535 నుంచి 2537 దాకా సామ్రాజ్య శకం వేశారు, అవి 1976–78 నాటివి.

ప్రశ్న: నల్లబడిన రాగి నాణేలను చింతపండు, ఇత్తడి సామాన్ల పొడితో తోమాను. మొదట తళతళలాడాయి, ఇప్పుడు మచ్చలమచ్చలుగా గులాబీ రంగు తేలాయి. ప్లాస్టిక్ ఆల్బంలో ఉన్న కొన్నిటికి పచ్చగా జిగురు పట్టింది. ఏం చేయాలి? (రాజమహేంద్రవరం)

జవాబు: రెండు జబ్బులివి. మొదటిదానికి మందు లేదు. చింతపండులోని పులుపు మురికినే కాదు, రాగి మీద ఏళ్ల తరబడి కట్టిన పలచని గోధుమ పొరనూ తినేస్తుంది. పొడి సన్నని గీతలు పెడుతుంది. ఆ పొరే నాణేనికి కవచం, వయసుకు సాక్ష్యం కూడా. అది పోయిన నాణేన్ని కొనేవాడు భూతద్దంలో ఒక్క చూపుతో పట్టేస్తాడు. చెంబుకు చేసే సేవ నాణేనికి చేయకూడదు. ఇక వాటిని అలాగే వదిలేయండి. మళ్లీ రంగు ముదరడానికి ఏళ్లు పడుతుంది.

రెండోదాన్ని ఆపొచ్చు. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ వేడికి, తేమకు కుళ్లి ఆమ్లం వదులుతుంది, అది రాగితో కలిసి ఆ పచ్చ జిగురవుతుంది. ఆల్బం తెరవగానే కొత్త రెక్సిన్ వాసన కొడితే అది పీవీసీయే అనుకోండి. ల్యాబు సామాన్ల దుకాణంలో స్వచ్ఛమైన అసిటోన్ తీసుకోండి. గోళ్ల రంగు తుడిచే ద్రావణం వద్దు, అందులో నూనెలు, సువాసనలు కలుపుతారు. గాజు గిన్నెలో నాణెం మునిగేలా పోసి మూతపెట్టి పది నిమిషాలు ఉంచండి. ప్లాస్టిక్ గిన్నె అయితే కరిగి ఇంకో జిగురు తయారవుతుంది. తీసి, రెండో గిన్నెలో కొత్త అసిటోన్‌లో ఒకసారి ముంచి, గుడ్డ మీద నిలబెడితే అదే ఆరిపోతుంది. రుద్దొద్దు. కిటికీలు తెరవండి, వంటింట్లో అసలు వద్దు: దాని ఆవిరికి నిప్పు ఇట్టే అంటుకుంటుంది. జిగురు పోయాక కింద గుంట కనిపిస్తే ఆ నష్టం మిగిలిపోతుంది.

తరవాత వాటిని పాలిస్టర్ పొర ఉన్న అట్ట చట్రాల్లో పెట్టండి. 17.5 నుంచి 39.5 మిల్లీమీటర్ల దాకా కొలతలుంటాయి. నాణేనికన్నా ఒక మిల్లీమీటరు పెద్దది తీసుకోండి. పిన్ను కొట్టాక దాని కాళ్లను పట్టకారుతో అణచండి, లేకపోతే పక్క నాణేన్ని గీస్తుంది. గోదావరి గట్టు మీద ఊరు కాబట్టి డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు తప్పవు. వానాకాలం ముందర మార్చండి. రబ్బరు బ్యాండ్లలో గంధకం ఉంటుంది, రాగీ వెండీ నల్లబడతాయి. బీరువాలో కలరా ఉండల పక్కనా పెట్టొద్దు.

ప్రశ్న: రెండు ఇంగ్లండ్ పెన్నీలు, రెండూ 1992వే. ఒకటి అయస్కాంతానికి అంటుకుంటోంది, ఒకటి అంటుకోవడం లేదు. (గుంటూరు)

జవాబు: రెండూ సరైనవే. ఆ ఏడాదే కంచు మాని, ఉక్కు మీద రాగి పూత వేయడం మొదలుపెట్టారు. రెండూ ఉంచుకోండి. అమెరికా సెంటుకూ 1982లో ఇలాగే జరిగింది. అక్కడ అయస్కాంతం పనికిరాదు, కాటా కావాలి: రాగిది 3.11 గ్రాములు, లోపల జింకు ఉన్నది 2.5.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉన్నాడు, సంక్రాంతికి వస్తున్నాడు. ఏ నాణేలు తెమ్మనాలి? బదులుగా మా నాన్నగారి నిజాం రూపాయలు వాడికి ఇచ్చి పంపొచ్చా? (హైదరాబాద్)

జవాబు: రాష్ట్రాల క్వార్టర్లు (పావు డాలరు బిళ్లలు) తెమ్మనండి. 1999 నుంచి 2008 దాకా ఏడాదికి ఐదు చొప్పున 50 రాష్ట్రాలకూ వేశారు. అక్కడి దుకాణాల చిల్లరలోనే ఏరుకోవచ్చు. మొత్తం 12.50 డాలర్లు, బరువు 283 గ్రాములు. పై అధికంగా, 2019, 2020 క్వార్టర్ల మీద డబ్ల్యూ అనే చిన్న అక్షరం ఉందేమో చూడమనండి. అవి ఒక్కో బొమ్మకు 20 లక్షలే వేసి చిల్లరలో కలిపేశారు. అంచున రాగి చార కనిపించకుండా, 6.25 గ్రాములు తూగే 1964 లేదా అంతకు ముందరి క్వార్టర్ చేతికొస్తే అది 90 శాతం వెండి.

నిజాం రూపాయల్లో నూరేళ్లు దాటినవి పంపకండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు, దాన్ని దేశం దాటించడం నేరం. హిజ్రీ లెక్కగట్టి చూసుకోండి.

ప్రశ్న: 1818 నాటి ఈస్టిండియా కంపెనీ అర్ధణా నాణెం, రామ పట్టాభిషేకం బొమ్మ ఉంది. 8,000 పెట్టి కొన్నాను. కోటి వస్తుందని ఒకరు ఫోన్ చేసి రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటున్నారు. (అనంతపురం)

జవాబు: కట్టకండి. మీ దగ్గరున్నది నాణెమే కాదు, గుళ్ల దగ్గర అమ్మే టోకెన్. కంపెనీ ఎన్నడూ రాముడి బొమ్మతో అర్ధణా వేయలేదు. 1717, 1818, 1839 తేదీలతో హనుమంతుడు, లక్ష్మి, శివుడు ఉన్నవన్నీ ఇదే బాపతు. కాటా మీద పెడితే ఒకే తేదీవి రెండు బిళ్లలు రెండు బరువులు తూగుతాయి, అక్షరాలు మొద్దుగా పోతపోసినట్టుంటాయి. ఫీజు అడిగేవాళ్లు రిజర్వు బ్యాంకు పేరు వాడితే ఇంకా అనుమానించాలి. ఇలాంటి లావాదేవీల్లో తమకు సంబంధం లేదనీ, ఎవరికీ అధికారం ఇవ్వలేదనీ ఆ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించింది. బియ్యపు గింజల్ని లాగే ‘రైస్ పుల్లర్’ బిళ్ల కూడా దీని తోబుట్టువే: గింజలకు ఇనుప రజను పూసి, బిళ్ల కింద అయస్కాంతం దాస్తారు. ఫోన్ నంబరు, సందేశాలు చెరపకుండా సైబర్ మోసాల ఫోన్ నంబరు 1930కి ఫిర్యాదు చేయండి. టోకెన్‌ను దేవుడి గూట్లో పెట్టుకోండి, సేకరణలో మాత్రం వద్దు.