తలుపు లోపలి ఒండ్రుకు రెండు లక్షలా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. కర్నూలులో ఒక ప్రైవేటు కళాశాలలో అధ్యాపకుడిని. చేతికి వచ్చే జీతం నెలకు రూ.46,000. నా భార్య ఇంటి దగ్గర బట్టలు కుడుతుంది. పాపకు ఆరేళ్లు. మా నాన్న 1999లో కొన్న మారుతి 800 ఇప్పటికీ మా ఇంటి ముందు, వేపచెట్టు కింద ఉంది. 2009 వరదలో మునిగితే నాన్న ఇంజిన్ విప్పించి బాగు చేయించారు. ఆయన పోయాక ఆరేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. నా ఆదివారాలన్నీ దానికే. పైన మెరవడం నాకు ముఖ్యం కాదు. సీటు పట్టాల కింద, చక్రాల పైగూళ్లలో, తలుపు అట్టల వెనుక మట్టి ఉందని తెలిస్తే నిద్ర పట్టదు. ఈ మధ్య ఎడమ వెనుక తలుపు అట్ట విప్పితే అడుగున వేలెడు మందాన వరద ఒండ్రు కనిపించింది, అందులో ఒక వడ్లగింజ. మిగిలిన చోట్ల ఇంకెంత ఉందో! హైదరాబాదులో ఒక వర్క్‌షాపు వారు బండి మొత్తం విప్పి, డ్రై ఐస్‌తో శుభ్రం చేసి, అడుగున పూత వేసి మళ్లీ బిగించడానికి రూ.1.85 లక్షలు అడిగారు. రానుపోను ఖర్చులతో 2 లక్షలు. బ్యాంకులో రూ.2 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. అది తీయాలా, 14 శాతం వడ్డీకి ఇస్తామంటున్న వ్యక్తిగత రుణం తీసుకోవాలా? గత 18 నెలల ఖర్చుల జాబితా జత చేశాను. సామాను కళాశాల చిరునామాకు తెప్పిస్తాను కాబట్టి ఇంట్లో ఈ లెక్క తెలియదు. కారు కడగడానికి కొన్న ఆవిరి యంత్రం వాయిదాలు ఇంకా మూడు ఉన్నాయి. దాన్నేం చేయమంటారు?

— పేరు రాయవద్దన్న పాఠకుడు, కర్నూలు

జవాబు: డిపాజిట్ ముట్టుకోకండి, రుణమూ తీసుకోకండి. కారు మాత్రం అమ్మకండి. ఇక ఎందుకో చెబుతాను.

మీ ఉత్తరంలో ఒండ్రు మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. 2009లో గాంధీ జయంతి నాడు తుంగభద్ర, హంద్రి కలిసి ఊళ్లోకి వచ్చినప్పుడు మా నాన్నగారి దుకాణం ఖాతా పుస్తకాలూ మునిగాయి. మిద్దె మీద ఎండబెట్టినా పుటలు అంటుకుపోయాయి. విడదీస్తుంటే సన్నటి బూడిదరంగు మట్టి పొడిలా రాలేది. ఆ పుస్తకాల్లో వసూలు కావలసిన బాకీ ఇక ఏమీ లేదు. అయినా ఒకటి నా బీరువాలో ఉంది. కాబట్టి పాత సామాను మీద మమకారం వదులుకోమని మీకు చెప్పే అర్హత నాకు లేదు.

పైగా ఆ తలుపు విషయంలో మీరు చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. వాన పడితే అద్దం మీది నీరు పక్కన ఉన్న రబ్బరు పట్టీని దాటి కొంత తలుపు లోపలికి దిగుతుంది. అది బయటికి పోవడానికే తలుపు అడుగున చిన్న చిన్న సందులు వదులుతారు. ఒండ్రు ఆ సందులను పూడ్చేస్తే నీరు నిలుస్తుంది, మట్టి ఆ తడిని రోజుల తరబడి పట్టి ఉంచుతుంది, రేకు లోపలి నుంచి తినుకుపోతుంది. బయట రంగు ఉబ్బి బుడగలు కనిపించే నాటికి రేకు దాదాపు పోయినట్టే. అంటే ఎవరూ చూడని చోట కడగాలన్న మీ తపన పిచ్చి కాదు. అయితే ఆ పనికి మీకు ఎంత ఖర్చయింది? ఒక స్క్రూడ్రైవరు, ఒక పాత పళ్ల బ్రష్షు, ఒక మధ్యాహ్నం. మా అమ్మ దీపపు కుందిని తోమేటప్పుడు బోర్లించి అడుగు కూడా చింతపండుతో తోమేది, ఆ అడుగును దేవుడైనా చూడడు. ఆమెకు అయ్యేది గుప్పెడు చింతపండు. శుభ్రత ఎప్పుడూ చవకే. మీకు ఖరీదవుతున్నది శుభ్రత సామగ్రి.

మీ జాబితా చూశాను. 18 నెలలకు రూ.71,400. నెలకు సుమారు రూ.3,970, అంటే జీతంలో వందకు ఎనిమిదిన్నర పైనే. ఆవిరి యంత్రం రూ.11,800. నురగ చిమ్మే తుపాకీ. ఏడు రకాల బ్రష్షులు, వాటిలో రెండు ఏసీ గాలి వచ్చే జాలీల కోసం. ఇంజిన్ జిడ్డు తీసే ద్రావకాలు నాలుగు కంపెనీలవి, నాలుగూ సగం సగం. అడుగు భాగానికి సిరామిక్ పూత అని ఒక సీసా రూ.3,200. గులకరాళ్లు కొట్టుకునే చోట వేసే ఆ పూత ఎన్నాళ్లు నిలుస్తుందో సీసా మీద రాసి ఉండదు.

ఆ జాబితాను రెండుసార్లు చదివాక ఒకటి గమనించాను. పద్దెనిమిది నెలల్లో టైర్ల పద్దు లేదు, బ్రేకు గొట్టాల పద్దు లేదు, సీటు బెల్టుల పద్దు లేదు. టైరు పక్కన అచ్చువేసిన గుర్తుల చివర నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఈ ఆదివారం బ్రష్షు పట్టుకునే ముందు అవి చదవండి. 2318 అని ఉంటే 2018లో 23వ వారం నాటి టైరు అన్నమాట. గాడి ఎంత లోతున్నా మన ఎండలకు ఆ రబ్బరు గట్టిపడి పగుళ్లిచ్చి ఉంటుంది. నాలుగు టైర్లూ మార్చడానికి పన్నెండు వేల ప్రాంతంలో అవుతుంది. ఎయిర్‌బ్యాగులు లేని బండి అది, వెనుక సీట్లో ఆరేళ్ల పాప కూర్చుంటుంది. డిపాజిట్ తీయవద్దని మొదటే అన్నాను కదా, పాత టైర్లని తేలితే మాత్రం వాటికి పన్నెండు వేలు తీసుకోండి, రెండు మూడు నెలల్లో తిరిగి పూడ్చండి. మినహాయింపు అదొక్కటే.

ఇక హైదరాబాదు వర్క్‌షాపు సంగతి. డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్ గుళికలు. సున్నా కంటే 78 డిగ్రీలు తక్కువ చల్లదనంలో ఉన్న ఆ గుళికలను గాలి ఒత్తిడితో చిమ్ముతారు. జిడ్డు పెళుసెక్కి ఊడిపోతుంది, గుళిక ఆవిరైపోతుంది, నీటి చుక్క మిగలదు. మంచి పద్ధతే, కాదనను. కోట్ల విలువ చేసే పాత కార్లను వేలం వేసే ముందు చేయించుకునే సేవ అది. మీ బండి విలువ ఎంత? నాకు తెలిసిన ఇద్దరు పాత కార్ల వ్యాపారులను అడిగాను. 1999 నాటి మారుతి 800, నడిచే స్థితిలో ఉంటే, ఒకాయన 35 వేలన్నారు. ఇంకొకాయన కాగితాలు సరిగ్గా ఉంటే 45 వేలన్నారు. అడుగు భాగం ఎంత శుభ్రంగా ఉందో ఇద్దరూ అడగలేదు.

మీరు పెట్టే రెండు లక్షలు కారు విలువలోకి చేరవు. అమ్మను కదా అంటారు. అలాగైతే బీమా లెక్క చూద్దాం, అదీ సొంత బండి నష్టానికి కూడా రాయించి ఉంటేనే. అయిదేళ్లు దాటిన బండికి బీమా విలువను, అదే ఏజెంట్లు ఐడీవీ అనేదాన్ని, మీరూ కంపెనీ ఒప్పుకుని నిర్ణయించుకోవాలి. వాళ్లు ఒప్పుకునేది బజారు ధర చుట్టూనే. 40 వేలు రాశారనుకుందాం. ప్రమాదం జరిగి మరమ్మతు ఖర్చు ఆ విలువలో 75 శాతం, అంటే 30 వేలు దాటితే బండి పూర్తిగా పోయినట్టు లెక్కగట్టి 40 వేల లెక్కన తేల్చేస్తారు. హైదరాబాదు బిల్లు చూపించి మిగిలింది అడగలేరు. మళ్లీ వరద వచ్చినా అంతే. వింటేజ్ కారు కింద రాయిస్తే విలువ పెరగదా అన్న ఆశ ఉంటే, దానికి మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. మీకు 2049 దాకా ఆగాలి.

రుణం లెక్క కూడా చూడండి. రెండు లక్షలు, 14 శాతం, మూడేళ్లు. నెల వాయిదా రూ.6,836. మొత్తం కట్టేది రూ.2.46 లక్షలు. వడ్డీ ఒక్కటే రూ.46 వేలు. అంటే వడ్డీ సొమ్ముతోనే మీ కారు లాంటిది ఇంకొకటి వస్తుంది! డిపాజిట్ తీస్తే వడ్డీ భారం లేదు కానీ, ఇంటికి అది తప్ప వేరే నిల్వ ఉన్నట్టు మీరు రాయలేదు. ప్రైవేటు కళాశాలల్లో వేసవి జీతాలు ఎప్పుడు వస్తాయో మీకు నేను చెప్పాలా?

అసలు మీ కారు చచ్చిపోతున్నది అడుగునుంచి కాదని నా అనుమానం. విశాఖలో సముద్రపు ఉప్పుగాలి అడుగు రేకును తింటుంది. కర్నూలులో బండిని తినేది పైనున్న సూర్యుడు. డ్యాష్‌బోర్డు పగుళ్లు, తలుపుల రబ్బరు ఎండిపోవడం, పైకప్పు రంగు తెల్లబారడం అన్నీ ఆయన పనే. ఆ రబ్బరు ఎండి బిగుసుకున్నందుకే తలుపులోకి నీరు ఎక్కువగా దిగుతుంది. వేపచెట్టు నీడ మంచిదే కానీ దాని ఆకులు వైపర్ల కింది జాలీలో చేరి కుళ్లి, అక్కడా నీటి దారిని మూస్తాయి. మూడు వేల రూపాయల మంచి గుడ్డ కవరు, తలుపులకు కొత్త రబ్బర్లు మీ సిరామిక్ సీసా కంటే ఎక్కువ ఏళ్లు తెచ్చిపెడతాయి.

తలుపులు, సీట్లు, నేల చాపలు విప్పాలన్న కోరిక తీర్చుకోండి. విప్పడం, బిగించడం ఊళ్లోని మంచి మెకానిక్‌కు అప్పగించండి, కడగడం మీరే చేయండి. విరిగే క్లిప్పులు, మూసుకున్న గూళ్లలోకి చిమ్మే తుప్పు నిరోధక మైనం, మెకానిక్ రెండు రోజుల కూలి కలిపి 13 నుంచి 14 వేలు దాటకూడదు. దాటిస్తే బేరమాడండి. రెండు జాగ్రత్తలు. ఒత్తిడి నీటి పైపును మూసి ఉన్న గూళ్లలోకి, వైర్ల జోడింపుల మీదికి పెట్టకండి, బురదను బయటికి తేవడానికి బదులు తడిని లోపలికి తోస్తుంది. తుప్పు ఉన్న చోట గీకి శుభ్రం చేయకుండా పైన నల్ల రబ్బరు పూత వేయించకండి. పూత వెనుక తడి చిక్కుకుని తుప్పు హాయిగా పెరుగుతుంది, మీకు కనిపించనైనా కనిపించదు.

డబ్బు ఇలా సర్దుకోండి. నెలకు రూ.1,500 ఒక కవరులో, కారు సరదా కింద. దీన్ని పెట్టుబడి అనకండి, ఇంకొకరు సినిమాలకు పెట్టినట్టే ఇది మీ సరదా. పెట్రోలు, సర్వీసు, బీమా ఇందులో కలపవద్దు, అవి ఇంటి ఖర్చు. ఇతరులకు జరిగే నష్టానికి తప్పనిసరిగా తీసుకోవలసిన థర్డ్ పార్టీ బీమా మీ 796 సీసీ బండికి ఏడాదికి రూ.2,094, పన్నుతో కలిపి రూ.2,471. 2024లో రిజిస్ట్రేషన్ అయిదేళ్లకు పొడిగించుకుని ఉంటారు, మళ్లీ 2029లో. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో పొడిగింపు రుసుమును రూ.10,000 చేశారు. దానికి ఇప్పటి నుంచే నెలకు రెండు మూడు వందలు పక్కన పెడితే అప్పుడు ఉలిక్కిపడరు.

ఇప్పుడు సామగ్రికి పోతున్న దాదాపు నాలుగు వేలలో మిగిలే రూ.2,500 ప్రతి నెలా పాపది. పన్నెండేళ్లలో మీరు వేసేది రూ.3.6 లక్షలు. ఏడాదికి 7 శాతం వస్తే రూ.5.6 లక్షలు అవుతుంది, 10 శాతం వస్తే రూ.6.9 లక్షలు. రెండోది మార్కెట్ మీద ఆధారపడింది, హామీ లేదు. గుండె నిబ్బరం తక్కువైతే సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి. పాపకు పదేళ్లు నిండకముందే తెరవాలి, పద్దెనిమిది నిండాక చదువుకు సగం దాకా తీసుకోవచ్చు. ఆరోగ్య బీమా కళాశాల ఇచ్చేది ఒక్కటే అయితే ఇంటిల్లిపాదికీ వేరే పాలసీ చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు.

కళాశాలకు వచ్చే పార్శిళ్ల మాట. అది నా పరిధి కాదు కానీ, డబ్బు మాట కాబట్టి అంటున్నాను. నాకు పంపిన జాబితానే ఇంట్లో చూపించండి, అదే కాగితం. కుట్టు మిషన్ మీద జాకెట్టుకు ఇంతని లెక్కగట్టి సంపాదించే మనిషికి నాలుగు సగం సీసాల సంగతి చెప్పడం కష్టమే. అయినా మీ భార్య ఆ వడ్లగింజ గురించి విన్నారా? విని ఉంటే రూ.1,500 కవరుకు ఆమె ఒప్పుకుంటారని నా నమ్మకం.

ఆవిరి యంత్రాన్ని వెనక్కి తీసుకోరు, అమ్మితే సగమూ రాదు. ఉంచుకోండి. వంటింటి జిడ్డుకు, పరుపులకు పనికొస్తుంది, ఇంట్లో దానికి ఆ విధంగా పరిచయం చేయండి. మిగిలిన మూడు వాయిదాలు, ఒక్కొక్కటి రూ.1,180, కారు కవరులో నుంచే కట్టండి. ఆ మూడు నెలలూ మీకు నెలకు మిగిలేది రూ.320. ఉన్న నాలుగు సగం సీసాలూ ఖాళీ చేయడానికి సరిపడా సమయం. తలుపులు విప్పే పని ఆ తర్వాత తొమ్మిది నెలలకు, మెకానిక్ ఖర్చు కవరులో పోగయ్యాక.