ఐవజోవ్‌స్కీ అలల్లో ఆ వెలుతురు ఎలా వస్తుంది?

రష్యన్ సముద్ర చిత్రకారుడు ఐవజోవ్‌స్కీ వేసిన అలలు లోపల దీపం పెట్టినట్టు వెలుగుతాయి, నాకేమో నూనెరంగుల్లో ఎంత ఆకుపచ్చ వేసినా ముద్దగా వస్తోంది, ఆయన నిజంగానే సముద్రాన్ని ఎదురుగా పెట్టుకోకుండా వేశారా అని అడిగారు.

అవును, ఆయన రంగుల పని స్టూడియోలో జ్ఞాపకం మీదే సాగేది. అలాగని తిరగని మనిషేం కాదు. 1817లో క్రిమియాలోని ఫియొదోసియాలో ఆర్మేనియన్ కుటుంబంలో పుట్టారు. విద్యార్థిగా ఉండగానే 1836లో బాల్టిక్ నౌకాదళంతో ఓడెక్కారు. 1840లో ఇటలీ, ఆ తర్వాత ఎన్నోసార్లు ఇస్తాంబుల్, 1869లో సూయజ్ కాలువ ప్రారంభానికి ఈజిప్టు, 1892లో అమెరికా. ఈ తిరుగుళ్లలో చేతిలో ఉండేది పెన్సిలే. అల మన కోసం ఆగదు, రంగు కలుపుకునేలోపు ఇంకో అల వచ్చేస్తుంది. అందుకే అక్కడ గీతలు, ఇంట్లో రంగు.

ఇక మీ ముద్ద సంగతి. మీరు ఆకుపచ్చలో తెలుపు కలిపేస్తున్నట్టున్నారు. తెలుపు కలిస్తే కాంతి పైపొర దగ్గరే వెనక్కి తిరుగుతుంది, అల పాలు కలిపినట్టు కనిపిస్తుంది. తెలుపు అడుగున ఉండాలి, రంగు పైన పల్చటి గాజులా ఉండాలి. అప్పుడు కాంతి రంగులోంచి లోపలికెళ్లి, తెలుపుని తాకి, మళ్లీ ఆ రంగులోంచే బయటికొస్తుంది.

ముందు అల కొస కింద, పై మూడో వంతులో మాత్రం, టైటానియం వైట్‌లో రవ్వంత పసుపు కలిపి, కేవలం టర్పెంటైన్‌తో పల్చన చేసి వేయండి. అల అడుగుకి అల్ట్రామెరైన్ (ముదురు నీలం), బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమరంగు). ఆరనివ్వండి. వేలికి అంటకూడదు. మామూలుగా వారం పడుతుంది, వానాకాలంలో మన కోస్తా గాలికి ఇంకా ఎక్కువే. తొందరపడితే పైరంగు కింది తెలుపుని లేపుకొచ్చి మళ్లీ ముద్దే. ఆరాక గోరంత విరిడియన్‌కి (నీలం ఛాయ ఉన్న ఆకుపచ్చ), సగం లిన్‌సీడ్ (అవిసె నూనె), సగం టర్పెంటైన్ కలిపిన ద్రవం రెండు మూడు చుక్కలు వేసి, మెత్తటి బ్రష్‌తో పరిచి, కొస దగ్గర గుడ్డతో తుడిచేయండి. అలలో నీళ్లు పల్చగా ఉండేది అక్కడే. చాలకపోతే ఆరాక ఇంకో పొర. నూనె ఎక్కువైతే పొర ముడతలు పడుతుంది. నూనె ఎక్కువున్న పొర కిందా తక్కువున్నది పైనా వేస్తే మాత్రం కొన్నాళ్లకి బీటలే.

సూర్యుణ్ణి అల వెనక పెట్టడం మరిచిపోవద్దు. చూసేవాడి వీపు వెనక సూర్యుడుంటే ఎన్ని పొరలు వేసినా వెలగదు. అన్ని అలలనీ వెలిగించేయడం ఇంకో జబ్బు. ఒకటి, మహా అయితే రెండు చాలు. నురగకి ముందు బూడిద-ఊదా వేసి, అచ్చ తెలుపు చివర్లో నాలుగైదు చుక్కలకే దాచుకోండి. ఆ నురగ అల ఒంపు మీద పరిచిన వలలాంటిది. పైకి పోయేకొద్దీ కన్నాలు సన్నబడాలి.

ఆకాశాన్ని ఆయన ఎంత పెద్దదైనా ఒకే విడతలో ముగించేవారట. తడి మీదే రంగులు అతుకు లేకుండా కలుస్తాయి కాబట్టి. అది నేర్చుకోదగ్గదే. ఆయన 1850 నాటి ‘తొమ్మిదో అల’ చిత్రంలో అల కొసల్ని మాత్రం గుడ్డిగా కాపీ కొట్టకండి. నడిసముద్రంలో అల అలా మెడపట్టీలా చుట్టుకోదు. ఒడ్డు దగ్గర అల ఎత్తు అక్కడి లోతులో ముప్పావు వంతుకి వచ్చినప్పుడే అలా విరుగుతుంది. చిత్రం గొప్పదే, సముద్రం మాత్రం కొంచెం కల్పన.

చూసి నేర్చుకోవాలంటే మన తీరం తూర్పు ముఖం కావడం కలిసొస్తుంది. సూర్యోదయమయ్యాక గంటలోపు విశాఖ ఒడ్డున నిలబడితే సూర్యుడు అల వెనకే ఉంటాడు. గోదావరి కలిసే చోట్ల బురదనీళ్లు, అక్కడ ఆ పచ్చ దొరకదు. వానలు తగ్గాక వెళ్లండి, పెన్సిలు, చిన్న పుస్తకం చాలు, రంగుల పెట్టె ఇంట్లోనే వదిలేయండి.