ఆ ఖాళీ గళ్ళు నింపకు

చిన్నీ,

నర్సింగ్ హోమ్‌లో, అదే ముసలివాళ్ళని ఉంచి చూసుకునే చోట, అడ్మినిస్ట్రేటర్‌గా చేరుతున్నావని మీ అమ్మ చెప్పగానే పొంగిపోయాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అమెరికాలో ఆ వార్డుల్లోనే 20 ఏళ్ళు నర్సుగా తిరిగినదాన్ని కదా.

రాష్ట్ర ఇన్‌స్పెక్టర్లు చెప్పి రారు. మామూలు తనిఖీకి 15 నెలలు దాటకుండా, ఫిర్యాదు వెళ్తే ఎప్పుడైనా వస్తారు. అడిగిన కాగితం వెంటనే ఇవ్వు. వాళ్ళు అక్కడుండే ముసలివాళ్ళతో విడిగా మాట్లాడుతుంటే తలుపు దగ్గర నిలబడకు. ఎవరినైనా కొట్టారన్న మాట చెవిన పడితే 2 గంటల్లోపు రాష్ట్రానికి తెలియజేయాలి, ముందు మనం కనుక్కుందాంలే అని ఆగకు.

ఇంతవరకూ మీ అమ్మకి కూడా చెప్పని సంగతి ఒకటుంది. ఒక పెద్దావిడ మడమ మీద రూపాయి బిళ్ళంత బెడ్‌సోర్, కదలకుండా పడుకుంటే ఒత్తిడికి పడే పుండు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పినట్టు చార్ట్‌లో సంతకాలుండాలి. రాత్రి గళ్ళు చాలావరకు ఖాళీ. ఇన్‌స్పెక్టర్లు కింద ఉన్నారనగానే టెన్షన్‌లో అన్నీ నింపేశాను. వచ్చినావిడ చార్ట్‌ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. పదకొండు రాత్రులు, ఒకటే పెన్ను, ఒకటే వాలు. ఒక గడి మీద వేలు పెట్టి, "ఈ రోజు మీరు సెలవు కదా?" అంది మెల్లగా. నాకు నోరు పెగల్లేదు.

తర్వాత నా మీద విచారణ జరిగింది. జరగాల్సిందే. ఈనాటికీ నన్ను తినేది అది కాదు. రాత్రిపూట ముప్పై మందికి ఒక్కతే ఆయా. గళ్ళు ఖాళీగా వదిలేసి ఉంటే ఆ సంగతి అవే చెప్పేవి. ఆ పెద్దావిడ తరఫున మాట్లాడటానికి ఇంకెవరూ లేరు చిన్నీ. ఆ ఒక్క సాక్ష్యాన్నీ నేనే చెరిపేశాను.

పైవాళ్ళు "కొంచెం సర్దెయ్" అంటారు. అనరని మాత్రం అనుకోకు. మర్చిపోయినది రాయాలంటే, ఆలస్యంగా రాస్తున్నామని ఆ రోజు తేదీ, టైమ్ వేసి రాయించు, అదీ నిజంగా చేసిన పనైతేనే. లోపాల రిపోర్ట్ వచ్చాక సరిదిద్దే ప్లాన్ ఇవ్వడానికి 10 రోజులుంటాయి. అందులో రాత్రికి మనుషుల్ని పెంచుతామని రాయించుకో, కాగితం మీద పడ్డాక యాజమాన్యం తేలిగ్గా కాదనలేదు.

ఫోన్ చేస్తే ఎత్తవు, వేళకి తినవు. ఇక్కడ నా ప్రాణం కొట్టుకుంటుంది. చేరిన మొదటి వారంలోనే ఒక రాత్రంతా ఆయాతో తిరుగు. దుప్పటి ఎత్తి మడమలు చూడు. ముందు చేతులు రుద్దుకో తల్లీ, చల్లటి చెయ్యి తగిలితే ఉలిక్కిపడతారు.

మీ పెద్దమ్మ