వోల్టేజి తగ్గితే కరెంటు పెరుగుతుందా, తగ్గుతుందా?

ప్రశ్న: మా ఊళ్లో సాయంత్రం పూట వోల్టేజి 180కి పడిపోతూ ఉంటుంది. నీళ్లు కాచుకునే మా రాడ్డు మీద 230 వోల్టులు, 1500 వాట్లు అని ఉంది. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి కనుక వోల్టేజి తగ్గితే కరెంటు పెరగాలని పదో తరగతి చదువుతున్న మా అబ్బాయి అంటున్నాడు. వోల్టేజిని నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుందనే ఓమ్ నియమం ప్రకారం కరెంటు తగ్గాలి కదా. ఏది సరైనది?
— ఒక పాఠకురాలు

జవాబు: సూత్రాలు రెండూ సరైనవే. 1500 వాట్లు ఎప్పటికీ మారవని అనుకోవడం దగ్గరే మీ అబ్బాయి లెక్క తప్పింది. ఆ అంకె 230 వోల్టులు అందినప్పుడు మాత్రమే వర్తిస్తుంది. రాడ్డులో దాదాపు మారకుండా ఉండేది దాని నిరోధం. లోపలి నైక్రోమ్ తీగ వేడెక్కినా దాని నిరోధంలో వచ్చే మార్పు చాలా స్వల్పం.

ముందుగా 1500ను 230తో భాగిస్తే కరెంటు సుమారు 6.5 ఆంపియర్లు వస్తుంది. (అందుకే ఈ రాడ్డును 6 ఆంపియర్ల చిన్న సాకెట్టులో పెట్టకూడదు, 16 ఆంపియర్ల సాకెట్టు తప్పనిసరి.) 230ని ఆ కరెంటుతో భాగిస్తే నిరోధం సుమారు 35.3 ఓమ్‌లు. ఇప్పుడు 180ని 35.3తో భాగించండి: కరెంటు 5.1 ఆంపియర్లకు తగ్గుతుంది, 180ని 5.1తో గుణిస్తే సామర్థ్యం సుమారు 918 వాట్లు. వోల్టేజి 22 శాతమే తగ్గినా, సామర్థ్యం వోల్టేజి వర్గాన్ని అనుసరిస్తుంది కనుక 39 శాతం పడిపోయింది. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు కాచడానికి మామూలుగా 14 నిమిషాలు పడితే, మీ ఇంట్లో సాయంత్రం పూట 23 నిమిషాలు పడుతుంది. ఖర్చయ్యే యూనిట్లు మాత్రం, ఆ అదనపు సమయంలో గాలిలోకి పోయే కాస్త వేడిని పక్కన పెడితే, దాదాపు అంతే.

నిరోధం స్థిరమన్న మాట అన్నింటికీ వర్తించదు. పాతకాలపు 100 వాట్ల ఫిలమెంటు బల్బు వెలుగుతున్నప్పుడు లెక్క ప్రకారం 529 ఓమ్‌లు ఉంటుంది. ఆర్పి, చల్లారాక మల్టీమీటరుతో చూస్తే అందులో పదో వంతైనా కనిపించదు, ఎందుకంటే వేడితో టంగ్‌స్టన్ నిరోధం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

మీ అబ్బాయి చెప్పినట్టు జరిగే చోటు కూడా ఉంది, అది వ్యవసాయ మోటారు. బోరులోంచి నీటిని పైకి తోడే పని వోల్టేజి తగ్గినా పెద్దగా తగ్గదు. ఆ పనికి కావలసిన సామర్థ్యాన్ని రాబట్టడానికి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. కరెంటు 20 శాతం పెరిగితే, వైండింగులో (మోటారు లోపలి తీగచుట్టలో) పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి 44 శాతం పెరుగుతుంది. లో వోల్టేజికి మోటార్లు కాలిపోవడానికి ప్రధాన కారణం ఇదే. వైండింగు నిరోధాన్ని మీటరుతో కొలిచి, దానితో వోల్టేజిని భాగించి మోటారు కరెంటు కట్టడం కూడా కుదరదు; తిరిగే మోటారు సరఫరాకు ఎదురుగా తానే కొంత వోల్టేజిని పుట్టిస్తుంది. కాబట్టి మోటారు ప్లేటు మీద రాసిన ఆంపియర్లనే ప్రమాణంగా తీసుకుని, స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలేను (కరెంటు హద్దు మీరితే మోటారును ఆపేసే పరికరాన్ని) ఆ అంకెకే సరిచేయించాలి. తరచూ ట్రిప్ అవుతోందని రిలేను పై అంకెకు తిప్పేస్తే వైండింగుకు రక్షణ లేకుండా పోతుంది.