కూలర్ కొనేముందు రేపటి ప్రాసెసర్ సంగతి అడగండి

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అబ్బాయి బీటెక్ రెండో ఏడు. బ్లెండర్‌లో త్రీడీ బొమ్మలు చేస్తున్నాడు, ఆ రంగంలోకే వెళ్తానంటున్నాడు. రాత్రుళ్లు రెండర్ (చేసిన బొమ్మని కంప్యూటర్ తుది చిత్రంగా మార్చే పని) పెడితే కంప్యూటర్ ఫ్యాన్ హోరుకి, అదే గదిలో ఇంటర్ చదివే చెల్లికి పుస్తకం మీద మనసు నిలవట్లేదు. ప్రాసెసర్ రైజెన్ 5 5600. ప్రాసెసర్‌ని ద్రవంతో చల్లబరిచే లిక్విడ్ కూలర్ కొనమంటున్నాడు. రేపు పెద్ద ప్రాసెసర్‌కీ పనికొస్తుందట. డబ్బు దండగ కాదా?

జవాబు: అమ్మా, మీవాడు అడిగింది సోకు కోసం కాదు. ఈ రంగంలో ఉద్యోగమిచ్చేవాళ్లు మార్కుల కంటే ముందు షోరీల్, అంటే తను చేసిన మంచి పనుల చిన్న వీడియో, చూస్తారు. అది తయారవ్వాలంటే గంటల తరబడి రెండర్ నడవాల్సిందే. కాబట్టి మంచి కూలర్ కొనండి, కానీ లిక్విడ్‌ది వద్దు.

5600తో పెట్టెలో వచ్చే కూలర్ పొట్టిది, దాని ఫ్యాన్ చిన్నది. వేడిని తోసేయడానికి అది వేగంగా తిరగాలి, ఆ హోరంతా అందుకే. 120 లేదా 140 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉండి, నిలువుగా లేచి ఉండే టవర్ ఎయిర్ కూలర్ నెమ్మదిగా తిరుగుతూనే ఆ పని చేస్తుంది. లిక్విడ్ కూలర్‌లో ఫ్యాన్లతో పాటు పంపు చప్పుడూ ఉంటుంది, పంపు పోతే సాధారణంగా మొత్తం మార్చాలి. టవర్‌లో చెడిపోయేది ఫ్యాన్ ఒక్కటే. దాన్ని విడిగా కొనుక్కోవచ్చు, లోహపు భాగం ఏళ్ల తరబడి ఉంటుంది.

ఇక రేపటి మాట. మీ మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్ రకం పేరు ఏఎం4. అదే బోర్డులో, అవసరమైతే బయోస్ (బోర్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకుని, 12 కోర్ల రైజెన్ 9 5900ఎక్స్ వేసుకోవచ్చు. దాని మీద 105 వాట్లని ఉంటుంది గానీ పూర్తి పనిలో 142 దాకా లాగుతుంది. మరీ ముందుకెళ్లి 2022లో వచ్చిన తర్వాతి సాకెట్ ఏఎం5కి మారితే, 7950ఎక్స్ లాంటివి 230 వాట్లు తాగుతాయి. మీవాడు ఏ ప్రాసెసర్‌కి వెళ్దామనుకుంటున్నాడో ఇప్పుడే చెప్పమనండి, కూలర్ దానికి సరిపోవాలి. కూలర్ పెట్టె మీద రెండు సాకెట్ల పేర్లూ ఉండాలి. బోర్డుతో వచ్చిన వెనక ప్లేటుకే బిగించే రకమైతే ఏఎం5కీ మామూలుగా పనికొస్తుంది. సొంత ప్లేటు పెట్టేవాటితోనే చిక్కు, ఎందుకంటే ఏఎం5 బోర్డు ప్లేటు ఊడిరాదు.

చాలామంది మర్చిపోయేది ఎత్తు. మంచి టవర్లు 155 నుంచి 165 మిల్లీమీటర్లు ఉంటాయి. క్యాబినెట్‌లో ఎంత ఎత్తు పడుతుందో చూడకుండా కొంటే పక్క తలుపు మూసుకోదు. ర్యామ్‌కి తగులుతుందేమో కూడా చూడమనండి.

ఒక్క టెన్షన్ మాత్రం ఏ కూలరూ తీర్చదు. గది వేడి కంటే ప్రాసెసర్‌ని చల్లగా ఉంచడం దాని వల్ల కాదు. మన రోహిణి కార్తెలో గదికి గాలి ఆడకపోతే ఎంత ఖరీదైనదైనా గట్టిగానే తిరుగుతుంది.

కొనేలోపు దుమ్ము దులిపి, బయోస్‌లో ఫ్యాన్ వేగం కాస్త తగ్గించి, ప్రాసెసర్ వేడి ఎంతకు చేరుతోందో, రెండర్‌కి ఎంతసేపు పడుతోందో వారంపాటు రాసుకోమనండి. స్టూడియోల్లోనూ ఆ లెక్కలు చూసుకునే పని ఉంటుంది, ఇప్పటినుంచే చేయి తిరుగుతుంది. పాప పరీక్షలు అయ్యేదాకా మాత్రం, అతను కాలేజీకి బయల్దేరేటప్పుడు రెండర్ పెట్టి వెళ్లమనండి.